నీళ్లు మోసే ఆడవాళ్ల భారం: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రామసభల్లోనూ, మహిళా సంఘాల సమావేశాల్లోనూ, విరాళం ఇవ్వడానికి ముందుకు వచ్చేవారి దగ్గరా నీళ్ల మోత సంగతి ఎత్తగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఒక్కోదానికి జవాబు రాశాము. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి: ఈ జవాబుల్లో నీటిని లీటర్లతో కంటే గంటలతోనే ఎక్కువగా కొలిచాము.

## మొదట తేల్చుకోవలసినవి

ఊరూరా కొళాయిలు వచ్చేశాయి కదా, ఈ రోజుల్లో ఇంకా నీళ్లు మోసేది ఎవరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం ఇంటి ఆవరణలో నీటి వసతి లేని కుటుంబాల్లో 180 కోట్ల మంది జీవిస్తున్నారు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల పల్లెల్లో ఈ పరిస్థితి అన్నిటికంటే తీవ్రంగా ఉంది. ప్రపంచమంతటా ఆడవాళ్లు, ఆడపిల్లలు కలిసి నీళ్ల కోసం రోజుకు 20 కోట్ల గంటలు వెచ్చిస్తున్నారని యునిసెఫ్ 2016లో లెక్కకట్టింది. మన దేశంలో 2019 ఆగస్టు 15న, ప్రతి గ్రామీణ ఇంటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మొదలైన నాటికి 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకే కొళాయి ఉండేది. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఇది చిన్న మార్పు కాదు. అయినా దాదాపు 19 కోట్ల గ్రామీణ ఇళ్లలో ఇంకా కోట్ల ఇళ్లు మిగిలే ఉన్నాయి, గడువును 2028 దాకా పొడిగించారు. పైగా కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంటికీ రోజూ నీరు వస్తోందని ఆ లెక్కకు అర్థం కాదు.

నీళ్లు ఆడవాళ్లే ఎందుకు తేవాలి? మగవాళ్లు తేరా?

తెస్తారు, కానీ తక్కువ. బయటి నుంచి నీళ్లు తెచ్చుకునే ప్రతి 10 కుటుంబాల్లో 7 కుటుంబాలకు ఆ బాధ్యత ఆడవాళ్లది. 3 కుటుంబాలకు మగవాళ్లది. ఆఫ్రికాలోని 24 దేశాలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఈ పని ప్రధానంగా పెద్దవయసు ఆడవాళ్లపై పడిన కుటుంబాలు లైబీరియాలో 46 శాతం కాగా, ఐవరీ కోస్ట్‌లో 90 శాతం. దేశానికీ దేశానికీ ఇంత తేడా ఉందంటే ఇది శరీర బలానికి సంబంధించిన విషయం కాదని తెలుస్తూనే ఉంది.

వంట, అంట్లు, పిల్లల స్నానం, పశువుల కుడితి ఎవరి పనైతే వాటికి కావలసిన నీరు కూడా వారి పనే అనే ఆనవాయితీ ఒకటి స్థిరపడిపోయింది. అదే నీటికి ధర పలికినప్పుడు, చేతికి సైకిలో తోపుడుబండో ట్రాక్టరో వచ్చినప్పుడు మోసే మనిషి మారిపోతాడు. ఆఫ్రికా పట్టణాల్లో బండి మీద నీళ్లు అమ్మేవారిలోనూ, మన ఊళ్లలో మినరల్ వాటర్ క్యాన్లు వేసేవారిలోనూ ఎక్కువమంది మగవాళ్లే. తలమీద, ఉచితంగా అయితే ఆడవాళ్లు. చక్రాల మీద, డబ్బుకు అయితే మగవాళ్లు. ఈ ఆనవాయితీ ఎంత దూరం పోగలదో చూడాలంటే మహారాష్ట్రలో ఠాణే జిల్లాకు చెందిన డెంగన్‌మల్ గ్రామాన్ని తలచుకోవాలి. అక్కడ నీళ్లు మోయడానికి మనిషి కావాలని మరో పెళ్లి చేసుకున్న మగవాళ్లున్నట్లు పత్రికలు అనేకసార్లు రాశాయి.

మా ఊళ్లో బావి దగ్గరే ఉంది. ఎంత దూరం ఉంటే భారం అంటారు?

అంతర్జాతీయ కొలత దూరాన్ని కాకుండా కాలాన్ని చూస్తుంది. సురక్షితమైన బావి, బోరు, కొళాయి వంటి చోటికి వెళ్లి, వంతు వచ్చేదాకా నిలబడి, తిరిగి ఇంటికి చేరడానికి 30 నిమిషాలకు మించకపోతే దాన్ని కనీస వసతి అంటారు; అంతకు మించితే అది పరిమిత వసతి మాత్రమే. నీరు ఇంటి ఆవరణలో, కావలసిన సమయానికి, కలుషితం కాకుండా దొరికితేనే పూర్తి వసతిగా లెక్క.

అయితే 30 నిమిషాల లోపు కదా అని తృప్తి పడడానికి లేదు. ఇంటి గడప దాటి వెళ్లిరావడానికి కొద్ది నిమిషాలు పట్టినా కుటుంబం వాడే నీరు బాగా తగ్గుతుందని, అక్కడి నుంచి అరగంట దాకా దాదాపు ఒకేలా ఉండి, అరగంట దాటాక మళ్లీ పడిపోతుందని ఈ రంగంలో పనిచేసేవారు చాలాకాలంగా గమనిస్తున్నారు. అలా తగ్గించుకునేది తాగే నీరు కాదు. చేతులు కడుక్కునేది, స్నానానికి పోసుకునేది, మరుగుదొడ్డికి వాడేది. పైగా 25 నిమిషాల నడకను రోజుకు నాలుగుసార్లు నడిస్తే అది ఏకంగా ఒక గంటా నలభై నిమిషాల పని.

## నీటి దగ్గర

వెళ్లి తెచ్చుకోవడం పనే కానీ, క్యూలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కూడా పనేనా?

పనే. ఆ సమయంలో ఆమె మరో చోట ఉండడానికి వీలులేదు, కూలికి పోవడానికి వీలులేదు, జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర కూర్చోవడానికి వీలులేదు. వేసవిలో ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్విన చోటికి వెళ్లి చూస్తే ఇది సులువుగా బోధపడుతుంది. మోకాలి లోతు గుంటలో ఊరిన నీటిని కొబ్బరి చిప్పతోనో చిన్న చెంబుతోనో అంచు కదలకుండా తీసి బిందెలో పోస్తారు. నాలుగైదు ముంపులకే నీరు ఎర్రబడుతుంది. అది తేరుకునేదాకా ఇసుకలోనే కూర్చోవాలి. ఒక బిందె నిండితే గాని రెండో మనిషి వంతు రాదు. రాత్రంతా ఊరిన నీరు తెల్లవారేసరికి కాస్త ఎక్కువగా ఉంటుంది కనుక, ముందు వచ్చినవారికే అది దక్కుతుంది కనుక, కోడి కూయకముందే బయలుదేరతారు. ట్యాంకరు కోసం ఎదురుచూసే బస్తీల్లో అది ఎప్పుడు వస్తుందో తెలియక రోజంతా ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండిపోవలసి వస్తుంది. ప్రభుత్వ లెక్కలకు ఈ నిరీక్షణ అందడం చాలా అరుదు.

నీళ్ల దగ్గర గొడవలు మామూలే కదా, వాటికి కులం రంగు ఎందుకు పులుముతారు?

కులం అక్కడ మొదటి నుంచీ ఉంది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వాన వేలమంది దళితులు చవదార్ చెరువులో నీళ్లు తాగినది ఊరి నీటిపై తమకూ ఉన్న హక్కు కోసమే. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ కారంచేడు. 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లాలోని ఆ ఊళ్లో, దళితులు తాగే నీటి చెరువు దగ్గర పైకులంవారు గేదెలను కడుగుతూ నీటిని పాడుచేస్తుంటే ఒక దళిత యువకుడు అభ్యంతరం చెప్పాడు. అతణ్ని కొట్టబోతే నీళ్లకు వచ్చిన ఒక దళిత మహిళ తన బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతమయ్యారు. అందుచేత కొళాయి ఎక్కడ పెట్టాలి, పైపు ఏ వీధిలో ఆఖరు కావాలి అన్నవి కేవలం ఇంజినీరింగు ప్రశ్నలని అనుకోవడం అమాయకత్వమే అవుతుంది.

కష్టమంతా ఎండాకాలం రెండు నెలలే కదా?

మైదాన ప్రాంతంలో చాలావరకు అంతే. కొండ ప్రాంతంలో వానాకాలం వేరే కష్టం తెస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా వంటి ఏజెన్సీ ప్రాంతంలో ఊటల మీద, గెడ్డల (కొండవాగుల) మీద ఆధారపడిన గూడేల్లో వర్షాలకు గెడ్డ పొంగి నీరు బురదగా మారుతుంది. ఊట దగ్గరికి దిగే దారి జారుతుంది. నిండు బిందెతో ఎక్కిరావడం దిగడం కంటే ప్రమాదం. నీళ్ల విరేచనాలు కూడా ఈ కాలంలోనే పెరుగుతాయి.

ఎండలు ముదురుతున్న కొద్దీ మొత్తం భారం పెరుగుతుందన్నది మరో సంగతి. జర్మనీలోని పాట్స్‌డామ్ వాతావరణ పరిశోధన సంస్థ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కర్బన ఉద్గారాలు ఇదే తీరుగా పెరిగితే ఇంట్లో నీరు లేని ఆడవాళ్లు నీళ్లకు వెచ్చించే సమయం 2050 నాటికి ప్రపంచ సగటున 30 శాతం వరకు పెరగవచ్చు.

## దారిలో, ఇంట్లో

ఒక బిందె బరువెంత ఉంటుంది? అలవాటైపోతే నొప్పులు ఉండవంటారు, నిజమేనా?

లీటరు నీరు కిలో బరువు. 15 లీటర్ల బిందె నిండితే బిందె బరువు కాక 15 కిలోలు. ఆఫ్రికాలో ఎక్కడ చూసినా కనిపించే పసుపు క్యాను 20 లీటర్లది, అంటే 20 కిలోలు. (వంటనూనె ఖాళీ డబ్బాలే చాలాచోట్ల ఇలా నీళ్ల క్యాన్లయ్యాయి. ఘనాలో వీటిని నీటి ఎద్దడి కాలంలో పాలించిన అధ్యక్షుడి పేరుతో కుఫోర్ గ్యాలన్లని పిలుస్తారు. అంతకంటే సూటి విమర్శ ఏ ప్రతిపక్షమూ చేసి ఉండదు.) మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున అయిదుగురున్న ఇంటికి 100 కిలోల నీరు కావాలి. జల్ జీవన్ మిషన్ నిర్దేశించిన 55 లీటర్ల చొప్పున అయితే 275 కిలోలు. అంత ఎవరూ మోయలేరు, అందుకే అంత వాడరు.

అలవాటు పడడమంటే బరువు మోసే ఒడుపు తెలియడం, అంతే. తలమీద చుట్ట పెట్టుకుని, నడుమున మరో బిందె ఎత్తుకుని నడిచే మనిషి చూపరులకు ఎంత వయ్యారంగా కనిపించినా, దక్షిణాఫ్రికాలోని లింపోపో ప్రాంతంలో జరిపిన పరిశోధనలు తలమోతకూ మెడనొప్పికీ ఉన్న సంబంధాన్ని ఎత్తిచూపాయి. తక్కువ, మధ్య ఆదాయ దేశాలు 21 ఎంచుకుని 6,291 మందిని అడిగిన మరో అధ్యయనంలో 13 శాతం మంది నీళ్లు తెచ్చే పనిలో గాయపడినట్లు చెప్పారు: కింద పడడం, ఎముక విరగడం, దారిలో దాడికి గురికావడం. నీళ్లు మోసేవారిలో నిండు గర్భిణి, పచ్చి బాలింత కూడా ఉంటారని మరచిపోకూడదు.

అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లు కనుక మంచివే అయి ఉంటాయి కదా?

బావి దగ్గర మంచిగా ఉన్న నీరు కూడా ఇంటికి చేరి, కుండలో నిలవుండి, చెయ్యి ముంచి తీసే సరికి కలుషితం కావచ్చు. మూత, పొడవాటి పిడి ఉన్న గరిటె, వారానికోసారి పాత్రను తోమడం ఇక్కడ ఖరీదైన యంత్రం కంటే ఎక్కువ మేలు చేస్తాయి. వడకట్టడాన్ని కూడా చిన్నచూపు చూడకూడదు: బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టిన ఇళ్లలో కలరా 48 శాతం తగ్గినట్లు 2003లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది.

ఫ్లోరైడ్ సంగతి వేరు. దాన్ని బట్ట ఆపలేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన దేశంలో దీన్ని మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వంటి చోట్ల తరాల తరబడి ఎముకలు వంగిపోయిన మనుషులను చూశాము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. ఇటువంటి ఊళ్లలో ఇంటి ముందే బోరింగు ఉన్నా ఆడవాళ్లు దాన్ని దాటి దూరపు మంచినీళ్లకు పోతారు. దగ్గర నీళ్లుండగా ఎందుకు పోతున్నారని నిలదీసే ముందు ఆ బోరు నీటిని పరీక్ష చేయించాలి.

ఆడపిల్లలు బడి మానేయడానికి నీళ్లే కారణమా, లేక అదొక సాకా?

ఒక్క నీళ్లే కారణమని చెప్పడం సరికాదు. పేదరికం, పెళ్లి, బడి దూరం కూడా ఉంటాయి. కానీ నీళ్ల ప్రభావం కొలవగలిగినంత ఉంది. ఘనాలో జరిపిన అధ్యయనం నీళ్ల కోసం పట్టే సమయం సగానికి తగ్గితే ఆడపిల్లల బడి హాజరు సగటున 2.4 శాతం పాయింట్లు పెరుగుతుందని తేల్చింది. ప్రపంచమంతటా బయటి నుంచి నీళ్లు తెచ్చుకునే కుటుంబాల్లో ఆ బాధ్యత 15 ఏళ్లలోపు ఆడపిల్లలపై పడినవి 7 శాతం, మగపిల్లలపై పడినవి 4 శాతం. బడి పూర్తిగా మానేసిన పిల్ల రికార్డుకు ఎక్కుతుంది. రోజూ మొదటి పీరియడ్ అయ్యాక వచ్చి వెనక బెంచీలో కునికే పిల్ల ఏ రికార్డుకూ ఎక్కదు, టీచరుకు మాత్రం తెలుస్తుంది.

## పరిష్కారం ఆలోచించేటప్పుడు

మా దగ్గర కొంత డబ్బుంది. ఒక బోరింగు వేయించి ఇస్తే సరిపోదా?

వేయించడం అందులో సులువైన భాగం. ఆఫ్రికాలో వేసిన చేతిపంపుల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఏ సమయంలో చూసినా పనిచేయకుండానే ఉంటాయని పలు అంచనాలు చెబుతున్నాయి. మన దేశంలో రూపుదిద్దుకుని ఆఫ్రికా దాకా వ్యాపించిన ఇండియా మార్క్-2 గట్టి పంపే. అయినా లోపలి వాషర్లు అరిగినప్పుడు బరువైన ఇనుప పైపులన్నీ పైకి లాగవలసి వస్తుంది, దానికి పనిముట్లు, నలుగురు మనుషులు కావాలి. ఆ మెకానిక్కు ఎంత దూరంలో ఉన్నాడు, పిలిస్తే ఎన్ని రోజులకు వస్తాడు, విడిభాగాలకు డబ్బు ఎవరు ఇస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకకుండా శిలాఫలకం చెక్కించవద్దు.

ఆకర్షణీయమైన ఆలోచనల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీరు పైకి వచ్చే ప్లేపంప్ అనే పరికరానికి 2006లో అమెరికాలో గొప్ప ప్రచారంతో కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆఫ్రికాలో వాటిని బిగించాక పిల్లలు ఆడి అలసిపోయిన వేళల్లో ఆ బరువైన చక్రాన్ని తిప్పవలసి వచ్చింది మళ్లీ ఆడవాళ్లకే. కొన్నేళ్లకే ఆ పథకం చతికిలపడింది.

బోరు కాకపోతే, దొర్లించుకునే డ్రమ్ములు కొనిపెట్టవచ్చా?

నేల చదునుగా ఉంటే ఉపయోగమే. 1991లో దక్షిణాఫ్రికాలో తయారైన హిప్పో రోలర్‌లో 90 లీటర్లు పడతాయి, నేలమీద తోసుకుంటూ రావచ్చు. రాళ్ల దారిలో, నిటారు కొండమీద, గట్ల మధ్య అది పనికిరాదు. ఊటలో నీరే తక్కువగా ఉంటే ఒక్కరే 90 లీటర్లు నింపుకోవడం కొత్త తగవుకు దారి తీస్తుంది. మోత తేలికవుతుంది, దూరం మాత్రం అలాగే ఉంటుంది.

మా నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లే. అది చాలదా?

గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని జల్ జీవన్ మిషన్ నిబంధనలే చెబుతున్నాయి, ప్రతి ఊరిలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలని కూడా. కాగితం మీద సగం ఉన్నా, మీటింగు సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు పెడితే వాళ్లు రారు. వచ్చినా వాల్వు తిప్పే తాళంచెవి, బ్యాంకు సంతకం మరొకరి దగ్గరుంటే మాట చెల్లదు. నీళ్లు వదిలే వేళను ఎవరు నిర్ణయించారో అడిగి చూడండి. ఆ జవాబును బట్టి కమిటీ ఎవరిదో తెలిసిపోతుంది.

మా ఊళ్లో భారం ఎంతుందో మేమే కొలవాలంటే ఎలా?

పెద్ద సర్వే అక్కరలేదు. వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి, ఊరి అన్ని వాడల నుంచి, ముఖ్యంగా పైపు చివర ఉన్న ఇళ్ల నుంచి కొన్ని కుటుంబాలను ఎంచుకోండి. గడప దాటిన వేళ, వంతు వచ్చిన వేళ, తిరిగి వచ్చిన వేళ రాయండి. రోజుకు ఎన్ని విడతలు, ఎవరు వెళ్లారు, వారి వయసెంత, ఏ పాత్ర అన్నవి చేర్చండి. ఇంటి యజమానిని కాకుండా మోసిన మనిషినే అడగండి. ఎందుకంటే పది నిమిషాలే పడుతుందని ధీమాగా చెప్పేవారు సాధారణంగా ఆ దారిన బిందెతో నడవనివారే.

## కొళాయి వచ్చాక

ఇంటికి కొళాయి వచ్చింది. ఇక భారం తీరినట్టేనా?

మోత తీరుతుంది, కాపలా మిగలవచ్చు. తెలంగాణలో 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లక్ష్యంతో నదీజలాలను ఫ్లోరైడ్ గ్రామాలకు చేర్చింది. దాని విలువ తెలియాలంటే ఆ గ్రామాల పెద్దవాళ్ల మోకాళ్లను చూడాలి. అయితే ఏ పైపు పథకంలోనైనా నల్లా ఎప్పుడు వస్తుందో తెలియకపోతే ఇంటి ఆడమనిషి పొలానికి పోలేదు. ఎగువ ఇళ్లవాళ్లు మోటారు బిగిస్తే చివరి ఇళ్లకు సన్నని ధారే దిగుతుంది. రోజు విడిచి రోజు వచ్చే నీటిని పట్టి నిలవ చేయడానికి డ్రమ్ములు కావాలి, వాటిలో దోమలు పెరగకుండా చూడడం మరో పని. కాబట్టి రోజుకు ఎన్ని లీటర్లు వచ్చాయని అడిగే ముందు, వేళ తప్పకుండా వచ్చాయా అని అడగడం మేలు.

మిగిలిన సమయంలో ఆడవాళ్లు సంపాదిస్తారా? లేకపోతే ఇంత ఖర్చెందుకు?

సంపాదన తప్పనిసరిగా పెరుగుతుందని చెప్పలేము. మొరాకోలోని టాంజియర్ నగరంలో పేద ఇళ్లకు అప్పు మీద కొళాయిలు ఇప్పించి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. అక్కడ ఆదాయాలు పెరగలేదు. అప్పటికే వీధి కొళాయి నీరు శుభ్రంగా ఉండడం వల్ల ఆరోగ్యంలోనూ పెద్ద తేడా రాలేదు. తీరిక పెరిగింది, బంధుమిత్రులతో గడిపే సమయం పెరిగింది, నీళ్ల కోసం ఇరుగుపొరుగుతో పడే తగాదాలు తగ్గాయి. నెలనెలా నీటి ఖర్చు పెరుగుతుందని తెలిసి కూడా కనెక్షన్ కోసం ఆ కుటుంబాలు ముందుకు వచ్చాయి.

మా ఉద్దేశంలో అది చాలా పెద్ద ఫలితం. 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అటువంటి మనిషికి ఒక గంట మిగిలితే, ఆ గంటలో ఎంత సంపాదించావని లెక్క అడిగే హక్కు దాతకూ లేదు, ప్రభుత్వానికీ లేదు. పని దొరికే చోట ఉంటే ఆమె పోతుంది. లేకపోతే కాస్త నడుం వాలుస్తుంది.

కొళాయిలు వచ్చాయి కనుక పాత చేదబావిని పూడ్చేసి ఆ స్థలం వాడుకోవచ్చా?

తొందరపడవద్దు. పైపు నీరు ఎక్కడో ఉన్న నది మీద, కరెంటు మీద, మోటారు మీద ఆధారపడి ఉంటుంది. మోటారు కాలిపోయిన వారం రోజులూ ఊరి ఆడవాళ్లు మళ్లీ ఎక్కడికి నడవాలో ముందే ఆలోచించాలి. బావిలో పూడిక తీయించి, ఒర బాగుచేయించి, చుట్టూ మురుగు చేరకుండా చప్టా పోయించి, పైన వల వేసి, బ్లీచింగ్ పౌడరు కలిపిస్తుండాలి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే తాగవద్దని బోర్డు పెట్టి బట్టలకు, పశువులు కడగడానికి వదిలేయవచ్చు. పూర్తిగా ఎండిపోయి పిల్లలకు ప్రమాదంగా మారిన బావి అయితే మూయక తప్పదు. అప్పుడు కూడా వరసగా రెండు వేసవులు కొళాయి నీరు ఆగకుండా వచ్చాక, అక్కడ నీళ్లు తోడుకున్న ఆడవాళ్లను పిలిచి అడిగాకే పని మొదలుపెట్టండి.